‘వైరాగ్యం’లో ఉన్న రంగు

(ఇది మాటల మీద ముచ్చట. మాట్లాడేవాళ్లని వాళ్ల ఉత్తరాంధ్ర ఊరి పేరుతోనే పిలిచాం.)

పాలకొండ: పెద్దలకు నమస్కారం. పత్రికల్లో ‘జీవితంపై విరక్తి చెంది’ అని రాస్తారు గానీ ‘వైరాగ్యం చెంది’ అని రాయరు. నిఘంటువు చూస్తే రెండింటికీ ఇంచుమించు ఒకే అర్థం. మరి వాడుకలో ఈ తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇంకోటి, వైరం నుంచే వైరాగ్యం పుట్టిందని, లోకం మీద పగే వైరాగ్యమని ఒకచోట చదివాను. నిజమేనా మాస్టారూ?

బొబ్బిలి: రెండోది ముందు తేల్చేద్దాం. కాదు బాబూ. వైరం ‘వీర’ శబ్దం నుంచి వచ్చింది. వైరాగ్యం ‘విరాగ’ నుంచి వచ్చింది. మొదటి ‘ఇ’ వృద్ధి పొంది ‘ఐ’ అయింది, చివర ‘య’ చేరింది. విషమం–వైషమ్యం, విముఖం–వైముఖ్యం, వికలం–వైకల్యం, అన్నీ ఇదే అచ్చులో పోసినవి. వైరం నుంచే వస్తే మధ్యలో ఆ ‘గ’ ఎక్కడిదని అడిగితే చాలు, ఆ వాదం కూలిపోతుంది.

ఇక విరక్తి, వైరాగ్యం రెండిటికీ ధాతువు ‘రంజ్’. రంగెక్కడం అని దానర్థం. రాగం, రక్తం, రంజనం, అనురాగం, ఆఖరికి మన ‘రంగు’ కూడా ఆ ఇంటి పిల్లలే. రాగమంటే ముందు రంగు, ఆ తరవాతే మమకారం. ‘వి’ ఇక్కడ విజ్ఞానంలో లాగా ‘విశేషంగా’ కాదు, విమలంలో లాగా ‘పోయిన’ అని. కాబట్టి రెండు మాటలకీ అసలర్థం రంగు వెలిసిపోవడమే.

టెక్కలి: ధాతువు ఒకటే గానీ, పక్కన ఏ క్రియ చేరుతుందో చూడండి. విరక్తి కలుగుతుంది, పుడుతుంది. దానికోసం ఎవరూ పాటుపడరు. వైరాగ్యం అలవరచుకోవలసింది. గీత 6వ అధ్యాయం 35వ శ్లోకం మనసును పట్టడానికి అభ్యాసాన్నీ వైరాగ్యాన్నీ జంటగా చెప్తుంది. యోగసూత్రాల మొదటి పాదం 12వ సూత్రంలోనూ అదే జంట. 15వ సూత్రంలోని నిర్వచనం మరీ కచ్చితం: చూసినవాటి మీదా విన్నవాటి మీదా దప్పిక పోయినవాడికి చిక్కిన పట్టు. ‘విన్నవి’ అంటే శాస్త్రం చెప్పే స్వర్గాదులు. స్వర్గం మీద ఆశతో ఇల్లు విడిచినవాడిది ఈ లెక్కన వైరాగ్యం కాదు. బేరం.

మన పల్లెల్లో ఈ రెండు మాటలూ పెద్దగా వినపడవు. ‘ఇసుగెత్తిపోనాది’, ‘మనసిరిగిపోనాది’ అంటారు. మాట మొదట్లో ‘వ’ జారిపోయి ‘వి’ కాస్తా ‘ఇ’ అవుతుంది. పాలు ఇరిగినా మనసు ఇరిగినా క్రియ ఒకటే, తిరిగి అతకవన్న సంగతీ అందులోనే ఉంది. అదే ‘అన్నీ ఒగ్గీసినాడు’ (వదిలేశాడు) అన్నారనుకోండి, అక్కడ మనిషి తనంతట తాను చేసిన పని కనిపిస్తుంది. విరక్తికీ వైరాగ్యానికీ ఉన్న తేడా ‘ఇరగడం’, ‘ఒగ్గడం’ మధ్య పచ్చిగా ఉంది.

పాలకొండ: బాగుందమ్మా. మరి విసుగు, వేసట, రోత?

టెక్కలి: విసుగు ఒకే పని మళ్లీ మళ్లీ వస్తే పుట్టేది, రేపటికి పోవచ్చు. వేసట పాటుపడి ఫలం దక్కకపోతే వచ్చే అలసట, అందుకే ‘వెతికి వేసారాడు’ అంటాం. రోతలో అసహ్యం ఉంది. ‘నిరాశావాదం’ మాత్రం వేరే జాతి. అది మనసుకి కలిగేది కాదు, లోకం ఇంతేనని మనిషి ఇచ్చే తీర్పు. అన్నిటికీ కలిపి ‘వైరాగ్యం’ రాసేస్తే వాక్యం మొద్దుబారుతుంది.

పొందూరు: రంగు మాట వచ్చింది కనక ఒకటి. సన్న్యాసులు కట్టే కావి గుడ్డకి వాడేది కావిరాయి, సంస్కృతంలో గైరికం. అది ఇనుము తుప్పు కలిసిన మట్టి. చెట్టు రంగుల్లాగా నీళ్లలో కరగదు, తేలి నిలుస్తుంది అంతే. రాయిని మెత్తగా నూరాలి, నీళ్లలో కలిపి గుడ్డలో వడగట్టాలి, బట్ట ముంచినంతసేపూ కలుపుతూనే ఉండాలి. చెయ్యి ఆపితే పొడి అడుక్కి దిగి బట్ట మీద మచ్చలు తేలతాయి. అంతకుముందే నూలులో గంజి పూర్తిగా పోయేలా ఉతకాలి. గంజి ఉంటే రంగు పోగులోకి దిగక పైనే కూర్చుని ఒంటికి అంటుకుంటుంది. ఎంత జాగ్రత్తగా చేసినా ఉతికినప్పుడల్లా కొంత పోతుంది, మళ్లీ ముంచాల్సిందే. (మా ఊరి సన్న ఖద్దరుకి పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. అహింసావ్రతులు ఆ బట్ట కట్టే ముందు ఈ సంగతి అడగరు లెండి.)

బొబ్బిలి: గంజి పోవాలన్నారే, సరిగ్గా అక్కడికే వస్తున్నాను. కషాయం అంటే వగరు, కాచిన రసం, దాంతో అద్దిన రంగు. వేదాంతంలో మనసుకు పట్టిన మరక కూడా కషాయమే. సమాధికి అడ్డొచ్చే నాలుగు విఘ్నాలు లయం (మనసు నిద్రలోకి జారడం), విక్షేపం (చెదరడం), కషాయం, రసాస్వాదం (మధ్యలో దొరికే సుఖం దగ్గరే ఆగిపోవడం). పాళీలో దీని రూపం ‘కసావ’. బౌద్ధుల ధమ్మపదంలో 9వ గాథ ఈ శ్లేష మీదే నిలబడింది: ‘అనిక్కసావో కాసావం యో వత్థం పరిదహేస్సతి’. లోపలి కసావ వదలనివాడు పైన కాసావం, అంటే కాషాయ బట్ట, కడితే దానికి తగడని భావం. తెలుగులో పెట్టాలంటే ‘కల్మషం పోనివాడికి కాషాయం తగదు’ అనాలి. అర్థం దక్కుతుంది, శ్లేష పోతుంది. శాలిహుండం కొండ మీదా రామతీర్థం గురుభక్తులకొండ మీదా ఒకప్పుడు ఆ బట్ట కట్టిన బౌద్ధ భిక్షువులు ఉండేవారు. వేషం మీద వెక్కిరింత సన్న్యాసులే చేసుకున్నారన్నది గుర్తుంచుకోదగ్గది.

విజయనగరం: ‘బైరాగి’ కూడా ఇక్కడ చేర్చాలి. వైరాగి హిందీ దారిన వచ్చి వ–బ మారిన రూపం. వైరాగి అంటే గౌరవం, బైరాగి అనేసరికి కొంచెం అనుమానం. మాట ఒకటే, మర్యాద రెండు. కన్యాశుల్కంలో సారా పుచ్చుకునే బైరాగి ఆ అనుమానాన్ని మన ఊళ్లో రంగస్థలం ఎక్కించాడు.

టెక్కలిగారు నిరాశావాదాన్ని విడదీయడం సరైన పని. దానికి రుజువు పారశీక కవి ఒమర్ ఖయ్యాం. ఆదిభట్ల నారాయణదాసుగారు అతని రుబాయీలను, అంటే నాలుగు పాదాల పద్యాలను, సంస్కృతంలోకీ అచ్చతెనుగులోకీ తెచ్చారు, పుస్తకం 1932లో వచ్చింది. అందులో బతుకు నిలకడలేనిదన్న దిగులుంది, దొంగ భక్తుల మీద ఎత్తిపొడుపుంది, అయినా వైరాగ్యం లేదు. రేపు లేదు గనక ఇవాళ్టి గిన్నె వదలనంటాడు. లోకం మీద ఆశ పోయింది, రంగు మాత్రం వెలవలేదు.

పాలకొండ: శ్మశాన వైరాగ్యం, పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం అంటారు కదా. అవి కూడబెట్టుకున్నవి కావుగా?

టెక్కలి: కావు. కాడు దాటేదాకా ఒకటి, పురాణం ముగిసి చెప్పులు వెతుక్కునేదాకా ఒకటి, పురిటి నొప్పులు మరిచేదాకా ఇంకోటి. నిజానికి మూడూ విరక్తులే. వెక్కిరించడానికే వాటికి పెద్ద పేరు పెట్టారు. ‘శ్మశాన విరక్తి’ అని చూడండి, నవ్వు రాదు.

పాలకొండ: చివరగా ఒక్కటి. ‘కషాయ వస్త్రాలు’ అని అచ్చులో చూస్తే తప్పు దిద్దాలా?

బొబ్బిలి: అక్కర్లేదు. కషాయవస్త్రం, కాషాయవస్త్రం రెండూ సరైన రూపాలే. ‘కాషాయం తాగాడు’ అని రాస్తే మాత్రం దిద్దండి.