వందేళ్ల ఇటుక గోడకు సిమెంటు దర్జులా, సున్నం దర్జులా? (అమెరికా దక్షిణాది డౌన్‌టౌన్ భవనాలు: మారుపేర్లతో ఒక చర్చ)

నడివీధి:
జార్జియాలో ఒక కౌంటీ ఊరు. కోర్టుహౌస్ ఎదురు వరసలో 1890ల నాటి రెండంతస్తుల ఇటుక దుకాణం, ముఖం 25 అడుగులు, లోతు 90. నలుగురు తెలుగువాళ్లు కలిసి కొందామని చూస్తున్నారు. కింద రెస్టారెంటు, పైన రెండు ఫ్లాట్లు అనుకుంటున్నారు. వెనక గోడ దర్జుల్లో, అంటే ఇటుకల మధ్య అతుకుల్లో, వేలు పెడితే పొడి రాలుతోంది. ఎడమ గోడకు కింద నాలుగడుగుల దాకా చెమ్మ ఉంది.

ఒక కాంట్రాక్టరు ముందు గోడ రంగు శాండ్‌బ్లాస్టింగుతో (ఇసుకను జోరుగా చిమ్మి) తీసేసి, దర్జులన్నీ టైప్ ఎస్ అనే సిమెంటు మోర్టారుతో కొట్టి, పైన నీరు దిగకుండా సీలరు వేస్తానన్నాడు. రెండో ఆయన సున్నం తప్ప ఇంకేదీ ముట్టనంటున్నాడు, దానికి రెట్టింపు పైచిలుకు అడుగుతున్నాడు. ఏది సబబు?

సున్నపుబట్టి:
మొదటి ఆయన చెప్పిన మూడూ తప్పే. ఆ కాలపు ఇటుకకు బయటి పొర మాత్రమే బాగా కాలి గట్టిగా ఉంటుంది, లోపలంతా మెత్తన. శాండ్‌బ్లాస్టింగు ఆ పై పొరనే ఒలిచేస్తుంది. రొట్టె పైపెచ్చు తీసేసి వానలో పెట్టినట్టే.

ఇక మాలు, అంటే దర్జులో నింపే మోర్టారు. టైప్ ఎస్ సగటు బలం కనీసం 1,800 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌన్లు), ఎన్ 750, ఓ 350. (ఎమ్, ఎస్, ఎన్, ఓ, కె అనేవి ఇంగ్లీషు 'మేసన్ వర్క్'లో ఒక అక్షరం వదిలి ఒకటి ఏరుకున్నవి. నాణ్యతకు మార్కులు కావు, 'ఎస్ అంటే సూపర్' అని ఎవరైనా చెబితే నమ్మకండి.) ఎండకు, చెమ్మకు గోడ కదులుతూనే ఉంటుంది. దర్జు మెత్తగా ఉంటే ఆ కదలిక దర్జులో సర్దుకుంటుంది. దర్జు ఇటుక కన్నా గట్టిదైతే భారమంతా ఇటుక అంచు మీద పడి పెచ్చులు ఊడతాయి. గోడలోకి దిగిన నీరు కూడా సులువైన దారి వెతుక్కుంటుంది. సిమెంటు దారి మూసేస్తే ఇటుక ముఖం నుంచే ఆరాలి, అప్పుడు ఉప్పు అక్కడే గడ్డకట్టి ముఖాన్ని తోసేస్తుంది. దర్జు పోతే మళ్లీ కొట్టుకోవచ్చు. ఇటుక పోతే ఆ ఇటుక మళ్లీ రాదు.

తాపీ అన్న:
శాండ్‌బ్లాస్టింగు వద్దన్నది ఒప్పుకుంటా. సున్నం తప్ప వేరే గతి లేదన్నది ఒప్పుకోను. సిమెంటు మీద ఈ భయం చాలావరకు ఉత్తరాది పుస్తకాల నుంచి వచ్చింది. అక్కడ నీరు గోడలో గడ్డకట్టి కరిగి పగలగొడుతుంది. జార్జియా మధ్యభాగంలో అలాంటి రాత్రులు ఏడాదికి ఎన్ని? ఈ ఊళ్లలో 1950ల్లో సిమెంటు కొట్టిన గోడలు ఎన్నో నిలబడే ఉన్నాయి.

ఖర్చు సంగతి కూడా మాట్లాడుకోవాలి. ఫ్రాన్స్ నుంచి వచ్చే సహజ హైడ్రాలిక్ సున్నం (నీటితో కూడా గట్టిపడే రకం) బస్తా ధర మామూలు సిమెంటుకు కొన్ని రెట్లు. అది తెలిసిన పనివాళ్లు పక్క రాష్ట్రం నుంచి రావాలి. నా మాట: 1:2:9, అంటే ఒక పాలు పోర్ట్‌లాండు (మామూలు సిమెంటు), రెండు పాళ్లు హైడ్రేటెడ్ సున్నం (పొడిగా వచ్చే తడిసున్నం), తొమ్మిది ఇసుక. అదే టైప్ ఓ. ఏ మంచి మేస్త్రీ అయినా చేయగలడు.

పిట్టగోడ:
మీరిద్దరూ మాలు దగ్గరే ఆగిపోయారు. ఆ చెమ్మ ఎక్కడిది?

ఈ తరహా దుకాణాలకు చదును కప్పు ముందు నుంచి వెనక్కి వాలి ఉంటుంది. 90 అడుగుల కప్పు మీది వాన మొత్తం వెనక ఉన్న ఒకటి రెండు గొట్టాల్లో దిగాలి. గొట్టం అతుకు ఊడితే వెనక గోడే తడుస్తుంది. వెనక దర్జులు రాలుతున్నాయంటే ముందు ఆ గొట్టం చూడండి, తర్వాత పిట్టగోడ పైకప్పు రాళ్లు. రాళ్ల మధ్య అతుకు విప్పుకుంటే నీరు గోడ నడుముకు దిగుతుంది. ఎడమ గోడ కింద చెమ్మకు మాత్రం కారణం వేరై ఉంటుంది: పక్క సందులో తారు మీద తారు వేసుకుంటూ పోయి నేల మట్టం లోపలి గచ్చు కన్నా పైకి వచ్చి ఉంటుంది. లేదా లోపల ఎవరో సిమెంటు గిలాబు చేసి ఉంటారు, ఆరే దారి లేక చెమ్మ ఇంకా పైకి పాకుతుంది.

వరస ఇది: కప్పు, గొట్టాలు, పిట్టగోడ, నేల మట్టం, ఆ తర్వాత దర్జులు. సీలరు అసలే వద్దు. పైన పొరకట్టే సీలరైతే లోపలి నీటిని బంధిస్తుంది. పొరకట్టని సైలేన్ రకం ఊపిరాడనిస్తుంది కానీ ఉప్పు పట్టిన గోడలో అదీ ముఖం వెనక ఉప్పును పోగేస్తుంది.

సున్నపుబట్టి:
పిట్టగోడ గారు చెప్పిన వరసకు నా ఓటు. తాపీ అన్నకు జవాబు: మంచు లేకపోవచ్చు, ఉప్పు ఉంది, తడి-పొడి చక్రం ఉంది. చార్ల్‌స్టన్, సవానా, గాల్వెస్టన్ లాంటి తీరపు ఊళ్లలో మంచు గడ్డకట్టకుండానే ఇటుకలు గుల్లబారతాయి. జార్జియా, దక్షిణ కెరొలైనా తీరంలో ట్యాబీ అని ఉంటుంది. ఆల్చిప్పలు కాల్చిన సున్నం, ఇసుక, ఆల్చిప్పలు, నీరు కలిపి పెట్టెల్లో పోసిన గోడ. మన కోస్తాలో గుల్లసున్నం తెలిసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. దానికి పోర్ట్‌లాండుతో మరమ్మతు చేసిన చోట అతుకు నిలిచి, దాని చుట్టూ పాత గోడ రాలిపోయింది.

1:2:9కి నేను శత్రువును కాను, అన్ని గోడలకూ ఒకటే మాలు అనడానికి శత్రువును. ముందు గోడ సాధారణంగా నునుపైన ప్రెస్డ్ ఇటుక, దర్జు వెడల్పు అంగుళంలో ఎనిమిదో వంతు. అక్కడ గ్రైండరు పెట్టారంటే ఇటుక అంచులు పోయినట్టే. చేత్తోనే తీయాలి, రంపపు ముక్కతో. చాలావరకు అక్కడ పని అవసరమే ఉండదు, వదిలేయడం మేలు. పక్క, వెనక గోడలకు సగం కాలిన లేత ఎరుపు ఇటుక. దానికి మెత్తని సున్నమే.

నడివీధి:
బస్తా మీద 'టైప్ ఎస్' అని సున్నానికీ రాసి ఉంది, మోర్టారుకీ రాసి ఉంది. రెండూ ఒకటేనా?

తాపీ అన్న:
ఒకటి కావు, ఇక్కడే చాలామంది బోల్తాపడతారు. సున్నపు బస్తా మీద ఎస్ అంటే 'స్పెషల్' రకం హైడ్రేటెడ్ సున్నం, అదే కావాలి. మోర్టారు బస్తా మీద ఎస్ అంటే 1,800 పీఎస్‌ఐ, అది వద్దు. 'మేసన్రీ సిమెంటు' అని రెడీమేడ్ బస్తా కూడా ఉంటుంది. అందులో సున్నం బదులు సున్నపురాయి పొడి, గాలి బుడగలు పుట్టించే మందు ఉంటాయి. పాత గోడకు పనికిరాదు. పోర్ట్‌లాండు, సున్నం విడివిడిగా కొని డబ్బాతో కొలిచి కలపమనండి. పారతో కొలిస్తే పొద్దున ఒక మాలు, సాయంత్రం ఇంకో మాలు అవుతుంది.

సున్నపుబట్టి:
కొలతల మాట వచ్చింది కాబట్టి కాంట్రాక్టు కాగితంలో ఇవి రాయించండి.

పాత మాలు నమూనా మూడు చోట్ల నుంచి తీసి ల్యాబుకు పంపాలి. ఆమ్లంలో సున్నం కరిగి ఇసుక మిగులుతుంది. రంగు, రవ్వ సైజు ఆ ఇసుకను బట్టే కుదరాలి, రంగు పొడితో కాదు. దర్జు లోతు వెడల్పుకు కనీసం రెండు, రెండున్నర రెట్లు తీయాలి. అర అంగుళం దర్జుకు అంగుళం పైనే. పైపైన పావు అంగుళం గీకి పూత పూస్తే రెండేళ్లలో పొరలా ఊడొస్తుంది. నిలువు దర్జుల్లో గ్రైండరు నిషేధం, అడ్డ దర్జుల్లో నడిమధ్య గీతకు మాత్రం అనుమతి. నింపే ముందు ఇటుక తడపాలి కానీ నీరు నిలిచి మెరవకూడదు. పావు అంగుళం చొప్పున పొరలు. బొటనవేలు నొక్కితే అచ్చు పడేంత గట్టిపడ్డాకే తాపీతో దిద్దాలి. అంతకుముందే దిద్దితే సున్నం పైకి తేలి తెల్ల పొర కడుతుంది.

ఎండ సంగతి జార్జియాలో పెద్దది. 95 ఫారెన్‌హీట్ దాటితే ఆపేయాలి. గోనెపట్టాలు వేలాడదీసి కనీసం మూడు రోజులు తడుపుతూ ఉండాలి. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడు పీల్చి గట్టిపడుతుంది, దానికి తేమ ఉండాలి. సున్నం ఫెయిలయిందని మొత్తుకునే పనుల్లో చాలావాటికి కారణం ఈ మూడు రోజులు ఎవరూ తడపకపోవడమే.

దూలాల లెక్క:
పైన ఫ్లాట్లు వేస్తున్నారు కాబట్టి దర్జుల కన్నా నాకు దంతెల (పై అంతస్తు నేలను మోసే చెక్క దూలాల) చివరలు ముఖ్యం. ఆ కాలంలో చెక్క దంతె చివరను ఏటవాలుగా కోసి గోడ గూట్లో దూర్చేవారు. అగ్నిప్రమాదంలో దంతె విరిగితే గోడను పెకలించకుండా జారి పడాలని. మంచి ఆలోచనే, కానీ దానికి అర్థం నేలకూ గోడకూ కట్టు లేదనే. చెమ్మ ఉన్న ఎడమ గోడ గూళ్లలో చెక్క పుచ్చి ఉంటుంది, చెదలు కూడా. ప్రతి దంతె చివరా సన్న డ్రిల్లుతో గుచ్చి చూడాలి, పైనుంచి చూస్తే తెలియదు.

చార్ల్‌స్టన్‌లో 1886 ఆగస్టు 31 భూకంపం తర్వాత గోడ నుంచి గోడకు ఇనుప కడ్డీలు వేసి బయట పలకలు బిగించారు, ఇప్పటికీ వీధుల్లో కనిపిస్తాయి. గోడలు విడిపోకుండా పట్టి ఉంచాల్సింది కట్టే, మాలు కాదు. కాబట్టి బలం కోసం టైప్ ఎస్ అనే వాదన నిలవదు. అయితే పొడిగా రాలే దర్జును అలాగే వదిలేయనూ కూడదు. అనుమానం ఉంటే ఒక ఇటుకను జాకీతో పక్కకు నెట్టి కొలిచే పరీక్ష చేయించండి.

ఖాతా పుస్తకం:
డబ్బు లెక్క ఎవరూ ఎత్తలేదు. భవనం చారిత్రక స్థలాల జాతీయ రిజిస్టరులో చేరిన ప్రాంతంలో (దాన్ని జిల్లా అంటారు) ఉండి, ఆ జిల్లాకు చెందిన పాత భవనంగా గుర్తింపు పొందితే ఫెడరల్ పన్ను రాయితీ అర్హమైన ఖర్చులో 20 శాతం, ఐదేళ్లలో సమానంగా. షరతు: నేల విలువ తీసేసిన కొనుగోలు ధర కన్నా ఎక్కువ ఖర్చు 24 నెలల్లో పెట్టాలి. ఉదాహరణకు 1,80,000 డాలర్లకు కొన్నారు, అందులో నేల 30,000. అంటే 1,50,000 దాటాలి. 3,00,000 ఖర్చయితే రాయితీ 60,000, ఏడాదికి 12,000. కొన్న ధర, పార్కింగు, కొత్తగా పెంచిన భాగం ఈ ఖర్చులోకి రావు. మూడో ఏడాదిలో అమ్మేస్తే 60 శాతం వెనక్కి కట్టాలి.

ముందు గోడ శాండ్‌బ్లాస్టు చేస్తే ఈ రాయితీ మొత్తం పోవచ్చు. పాత భవనాల మరమ్మతుకు ఫెడరల్ ఇంటీరియర్ శాఖ పెట్టిన ప్రమాణాల్లో ఏడోది దాని గురించే. చేయబోయే పని వివరించే రెండో దరఖాస్తుకు ఆమోదం రాకముందే పని మొదలుపెట్టి, తర్వాత ఫొటోలు పంపేవాళ్లే ఎక్కువగా ఇరుక్కుంటారు.

సాఫ్ట్‌వేర్ జీతాలవాళ్లకు ఇంకో మెలిక. మీరు ఆ వ్యాపారంలో కేవలం పెట్టుబడిదారులైతే, ఈ రాయితీని జీతం పన్ను మీద వాడుకోవడానికి పరిమితి ఉంది: 25,000 డాలర్ల ఆదాయం మీద పడే పన్ను మేరకే. పన్ను లెక్కకు సవరించిన ఏడాది ఆదాయం 2,00,000 దాటితే అదీ తగ్గుతూ 2,50,000కు సున్నా అవుతుంది. మిగిలింది రాబోయే సంవత్సరాలకు మోసుకుపోవచ్చు. కొనకముందే పన్ను సలహాదారును అడగండి.

తాపీ అన్న:
మరి ఎదురుగా ఉన్న కోర్టుహౌస్ సంగతి? దానికి ఈ రాయితీ రాదు కదా.

ఖాతా పుస్తకం:
నేరుగా రాదు, కౌంటీ పన్ను కట్టదు కాబట్టి. టెక్సస్ 1999లో కోర్టుహౌసుల కోసమే విడిగా గ్రాంటు పథకం పెట్టింది. ఇలాంటిది లేని చోట బాండ్లు, అమ్మకపు పన్ను మీద ఆధారపడాలి. అందుకే ఊరి చౌకులో దుకాణాలు మెరుస్తుంటే మధ్యలో కోర్టుహౌస్ కప్పు కారుతుంటుంది.

దూలాల లెక్క:
కూల్చేసి పార్కింగు చేద్దామనేవాళ్లు కౌంటీ సమావేశాల్లో ఎప్పుడూ ఉంటారు. సవానాలో 1954లో ఎల్లిస్ స్క్వేర్‌లోని సిటీ మార్కెట్ కూల్చి గరాజు కట్టారు. ఆ కోపంలోంచే మరుసటి ఏడాది హిస్టారిక్ సవానా ఫౌండేషన్ పుట్టింది. తర్వాత ఆ గరాజునూ కూల్చి, పార్కింగు భూమి కిందకు పంపి, 2010లో చౌకును మళ్లీ తెరిచారు.

పిట్టగోడ:
ఒక మాట మిగిలిపోయింది, ఏసీ. ఎండాకాలంలో ఇక్కడ ఆవిరి బయట నుంచి లోపలికి వస్తుంది. లోపల గోడకు వినైల్ వాల్‌పేపరో, ఆయిల్ పెయింటో వేసి చల్లగా ఉంచితే ఆ పొర వెనకే నీరు కట్టి బూజు పడుతుంది. ఇటుకకు లోపలివైపు ఆవిరిని పోనివ్వని ఫోము కొడితే దంతె చివరలు ఆరవు. ఇన్సులేషను కప్పుకు పెట్టండి, గోడను వదిలేయండి. రెస్టారెంటు వంటగది ఆవిరి నేరుగా బయటికి పోయే గొట్టం మొదటి నుంచే డ్రాయింగులో ఉండాలి. అది ముందు గోడలోంచి పోనివ్వరు, వెనక నుంచి కప్పు మీదకే.

తాపీ అన్న:
సరే, నా ప్రతిపాదన మారుస్తున్నా. ముందు గోడ ముట్టొద్దు, రంగు తీయాల్సి వస్తే రసాయనంతో, మొదట ఒక మూలన చిన్న ముక్క మీద పరీక్షించి. ఎడమ గోడకు సున్నం. వెనక గోడ మీద మాత్రం నేను 1:2:9 దగ్గరే ఉంటా. అది కొట్టు లోడింగు వైపు, ట్రాలీలు తగులుతాయి, గొట్టాలు దిగుతాయి, శుద్ధ సున్నం అక్కడ దెబ్బలకు ఆగదు.

సున్నపుబట్టి:
కింది మూడు నాలుగు వరసలకైతే సరే, గోడ మొత్తానికి కాదు. రెండు మాళ్లతో మూడడుగుల చదరం నమూనాలు పక్కపక్కనే కొట్టించి, ఒక చలికాలం వదిలి, ఏప్రిల్లో చూడండి. అప్పటికి కప్పు, గొట్టాల పని ఎలాగూ పూర్తవుతుంది.