నిలబడి పనిచేసే డెస్క్ ఒకవైపు వాలిపోతోంది: స్టెబిలైజర్ కొనాలా, కంట్రోల్ బాక్స్ మార్చాలా?

బైరాగిపట్టెడ

అందరికీ నమస్తే. మాది తిరుపతి బైరాగిపట్టెడ. బటన్ నొక్కితే పైకి లేచే డెస్క్, రెండు మోటార్లది, రెండున్నరేళ్ల కింద ఆన్‌లైన్‌లో కొన్నాను. నడుములో డిస్క్ జారాక గంటకోసారి లేచి నిలబడమని డాక్టరు చెప్పారు. ఇంటి నుంచే బిల్లింగ్ పని చేస్తాను కాబట్టి ఇది నాకు షోకు కోసం కొన్న వస్తువు కాదు.

మార్చి నుంచి తంటా మొదలైంది. పైకి వెళ్తూ మధ్యలో ఆగిపోతుంది, డిస్ప్లే మీద E08 అని ఎర్రర్ నంబరు పడుతుంది, కుడివైపు వేలెడు కిందికి వాలి ఉంటుంది. రీసెట్ చేస్తే సరిపోతుంది. రెండు మూడు రోజులకు మళ్లీ అదే.

కంపెనీకి ఫోన్ చేస్తే, మీ ఊళ్లో వోల్టేజ్ బాగుండదు, స్టెబిలైజర్ పెట్టుకోండి అన్నారు. వారంటీ అయిపోయింది, చెన్నై నుంచి మనిషి రావాలంటే విడిగా కట్టాలట. ఇక్కడ ఫర్నిచర్ షాపతను వచ్చి చూసి, మోటార్లను నడిపే కంట్రోల్ బాక్స్ పోయింది, 7,500 అవుతుంది అన్నాడు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది. కరెంటు పోయిన రోజుల్లోనే ఎక్కువ వస్తోందని నాకూ అనిపిస్తోంది.

మిట్టూరు మాస్టారు

అమ్మా, నేను చిత్తూరులో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. కంపెనీవాళ్లు చెప్పింది కొట్టిపారేయొద్దు. ఈ డెస్క్ తన ఎత్తును టేపు పెట్టి కొలుచుకోదు. ప్రతి మోటారు దగ్గర హాల్ సెన్సర్ ఉంటుంది. మోటారు తిరిగేకొద్దీ అది పల్స్‌లు, అంటే చిన్న చిన్న కరెంటు సంకేతాలు, పంపుతుంది. కంట్రోల్ బాక్స్ వాటిని లెక్కపెట్టుకుని, కుడికాలు ఇంత లేచింది, ఎడమకాలు ఇంత లేచింది అని తెలుసుకుంటుంది. కదులుతూ ఉండగా కరెంటు పోతే ఆ లెక్క తప్పే అవకాశం ఉంది. లెక్క తప్పితే డెస్క్ వాలుతుంది, రీసెట్ అడుగుతుంది. మీరు చెప్పే లక్షణాలు దానికి సరిపోతున్నాయి. ఎండాకాలం సాయంత్రాలు అందరి ఏసీలూ ఒకేసారి వేస్తారు, వోల్టేజ్ పడిపోతుంది. మంచి స్టెబిలైజర్ ఒకటి పెట్టండి. డెస్క్ తీసుకునేది కొద్ది వందల వాట్లే, చిన్నది చాలు.

కట్టమంచి

అక్కా, నాకూ ఇలాంటి డెస్కే ఉంది. వారానికోసారి మొరాయిస్తే రీసెట్ చేసుకుంటా, అంతే. కింది బటన్ నొక్కి పూర్తిగా దించి, వదిలి, మళ్లీ అదే బటన్ నొక్కి పట్టుకుంటే కాళ్లు ఇంకొంచెం దిగి, కాస్త పైకి లేచి ఆగుతాయి. నిమిషం పని. దీనికి డబ్బులెందుకు?

రేణిగుంట వైండింగ్

ఇరవై ఏళ్లుగా మోటార్లు చుడుతున్నాను. పోయిన రెండేళ్లలో ఈ డెస్కులు కూడా రిపేరుకు వస్తున్నాయి. పై ముగ్గురికీ ఒక్కొక్క మాట చెప్పాలి.

మాస్టారూ, హాల్ సెన్సర్ గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం. కానీ మందు వేరే రోగానికి ఇస్తున్నారు. కరెంటు పోతే స్టెబిలైజర్ ఏం చేస్తుంది? అది తక్కువ వోల్టేజ్‌ను సరిచేస్తుందే గానీ, లేని కరెంటును తెచ్చివ్వదు. అందులో బ్యాటరీ ఉండదు. పైగా మామూలు రిలే స్టెబిలైజర్ టక్‌మని మారిన ప్రతిసారీ క్షణకాలం కరెంటు తెగుతుంది.

కట్టమంచి తమ్ముడూ, రీసెట్ తప్పు కాదు. కానీ వారం వారం చేయాల్సి వస్తోందంటే లోపల ఏదో ఉంది. ఇంకో సంగతి మర్చిపోవద్దు. అడ్డం తగిలితే ఆగే రక్షణ చాలా డెస్కుల్లో రీసెట్ అయ్యేటప్పుడు పనిచేయదు. కింద స్టూలు ఉన్నా, పిల్లవాడి చెయ్యి ఉన్నా అది దిగుతూనే ఉంటుంది. ఇంట్లో పిల్లలుంటే ముందు వాళ్లను గది బయటికి పంపి చేయండి.

అక్కా, 7,500 ఇప్పుడే పెట్టొద్దు. ఎర్రర్ నంబరు ఏ వైపు తేడా ఉందో చెప్పగలదు. అక్కడ పోయింది మోటారా, వైరా, బాక్సా అన్నది చెప్పలేదు. ఒక్కో కంపెనీ నంబర్లు ఒక్కో రకం కూడా. ముందు మూడు ప్రశ్నలకు జవాబు చెప్పండి. ఆగినప్పుడు ప్రతిసారీ ఒకే ఎత్తులో ఆగుతోందా? కరెంటు పోయిన క్షణంలో డెస్క్ కదులుతోందా, ఊరికే నిలబడి ఉందా? సీపీయూ కింద నేల మీద ఉందా, డెస్క్ మీదా?

మిట్టూరు మాస్టారు

కరెంటు పోయినప్పుడు స్టెబిలైజర్ వల్ల లాభం లేదన్నది ఒప్పుకుంటాను. దానికి కంప్యూటర్ యూపీఎస్ కావాలి. కానీ తక్కువ వోల్టేజ్ సంగతి అలాగే ఉంది కదా. అమ్మా, కంట్రోల్ బాక్స్ మీద స్టిక్కర్ చూడండి. ఇన్‌పుట్ 100-240 అని ఉంటే నా మాట వెనక్కి తీసుకుంటాను, అది తక్కువ వోల్టేజ్‌ను తట్టుకుంటుంది. 220-240 అని ఉంటే మాత్రం నా మాట నిలుస్తుంది.

కోర్లగుంట

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. మోటార్లున్న డెస్క్ అసలు అవసరమా? మామూలు టేబుల్ మీద ఎత్తు పీట పెట్టుకుని నిలబడి పనిచేస్తున్నాను నేను. పాడయ్యేదే లేదు.

బైరాగిపట్టెడ

కోర్లగుంట గారూ, రెండు మానిటర్లు, ప్రింటరు గంటకోసారి ఎత్తి దించే నడుమే ఉంటే నాకు ఈ డెస్క్ అక్కర్లేదు. దయచేసి విషయం మీదే మాట్లాడదాం.

మాస్టారూ, స్టిక్కర్ మీద 220-240 అనే ఉంది. మా తమ్ముడు మల్టీమీటర్ తెచ్చి రెండు సాయంత్రాలు కొలిచాడు. 214 కంటే కిందికి రాలేదు. ఆ 214 ఉన్నప్పుడు పది సార్లు ఎక్కించి దించాం, ఒక్కసారీ ఆగలేదు. అప్పుడు బల్ల మీద నుంచి అన్నీ తీసేసి, గోడ ప్లగ్గు పీకేసి, బాక్స్ వైరును వేరే బోర్డుకు పెట్టాం.

వైండింగ్ అన్నా, నిన్నటిదాకా రాసిపెట్టుకున్న కాగితం చూశాను. మొత్తం 11 సార్లు ఆగింది. అందులో 4 సార్లు ఆ రోజు కరెంటు పోనేలేదు. పోయిన రోజుల్లో కూడా డెస్క్ కదులుతుండగా పోయింది ఒక్కసారే. కరెంటు పోయిన రోజు చిరాకులో ఉంటాం కదా, అందుకే అవే గుర్తున్నాయనుకుంటా. ఇంకోటి, ఎత్తు నేను చూడనేలేదు, మా అబ్బాయి చూశాడు. ఆగిన ప్రతిసారీ నూరు సెంటీమీటర్లు దాటాకే. సీపీయూ డెస్క్ మీదే ఉంది.

రేణిగుంట వైండింగ్

ఇంక వోల్టేజ్‌ను వదిలేయండి. ఎత్తులోనే ఆగుతోంది, గోడ ప్లగ్గు పీకినప్పుడు ఆగలేదు అంటే ఏదో వైరు లాగుతోంది. సీపీయూ పైనే ఉంది కాబట్టి దాని వైర్లు కావు. గోడకు వెళ్లే ఎక్స్‌టెన్షన్ వైరును బల్ల కింద దేనికి కట్టారో చూడండి.

తర్వాత ఈ పరీక్ష చేయండి. ప్లగ్గు తీసేసి డిస్ప్లే ఆరిపోయేదాకా ఆగండి. బాక్స్‌కు రెండు కాళ్ల వైర్లు వచ్చే చోట, కుడిది ఎడమ పోర్టులో, ఎడమది కుడి పోర్టులో పెట్టండి. పిన్నులు వంగకుండా చూసి నెమ్మదిగా నొక్కాలి. రీసెట్ చేసి ఎక్కించండి. తప్పు ఇంకా కుడికాలిలోనే ఉంటే బాక్స్ బాగున్నట్టే. తప్పు ఎడమకాలికి మారితే అప్పుడు బాక్స్‌ను అనుమానించాలి. బాక్స్ బాగుందని తేలితే, కాలికీ బాక్స్‌కూ మధ్య ఉన్న వైర్లను కూడా మార్చి చూడండి. చాలా డెస్కుల్లో అవి ఊడి వస్తాయి.

ఒక్కటి మాత్రం చేయొద్దు. బాక్స్ మూత విప్పొద్దు, టీవీ మెకానిక్‌తో కూడా విప్పించొద్దు. మన 230 వోల్టులు లోపల డీసీగా మారాక 325 దాకా ఉంటుంది. ప్లగ్గు తీసినా కెపాసిటర్‌లో అది కొంతసేపు నిలిచే ఉంటుంది. షాక్ తిన్నవాణ్ణి, అందుకే గట్టిగా చెబుతున్నా.

కట్టమంచి

రీసెట్ చేసేటప్పుడు పిల్లల సంగతి నాకు తెలియదన్నా. మా పాప డెస్క్ కిందే ఆడుకుంటుంది. ఈ రాత్రే నాదీ చూసుకుంటాను. పాప బటన్లతో ఆడినప్పుడు డెస్క్ కాసేపు పనిచేయడం మానేస్తుంది, అది కూడా ఇదేనా?

రేణిగుంట వైండింగ్

అది వేరే, భయం లేదు. చాలా డెస్కుల మోటార్లు రెండు నిమిషాలు తిరిగితే పద్దెనిమిది నిమిషాలు ఆగాలి. పాప ఆపకుండా ఎక్కించి దించితే వేడెక్కి అదే ఆగుతుంది. ఇరవై నిమిషాలు వదిలేయండి.

బైరాగిపట్టెడ

దొరికింది.

డెస్క్ బిగించిన కుర్రాడు చూడ్డానికి నీటుగా ఉండాలని, గోడకు వెళ్లే ఎక్స్‌టెన్షన్ వైరునూ కుడికాలి మోటారు వైరునూ కలిపి ఒకే ప్లాస్టిక్ ట్యాగ్‌తో బిగించాడు. డెస్క్ నూరు సెంటీమీటర్లు దాటేసరికి గోడ వైరు బిగుసుకుని మోటారు వైరును కిందికి గుంజుతోంది. రెండేళ్లు గుంజి గుంజి లోపల తీగ తెగినట్టుంది. పోర్టులు మార్చి పెడితే తప్పు కుడికాలిలోనే ఉంది. వైర్లు మార్చి పెడితే ఎడమకాలికి వెళ్లింది. అంటే బాక్స్ బాగుంది, మోటార్లూ బాగున్నాయి, పోయింది ఆ వైరే. కంపెనీకి రాస్తే వైరు ఒక్కటే 450కి పంపుతామన్నారు. అందాకా ఆ పాత వైరును ముట్టుకోకుండా, డెస్క్‌ను కూర్చునే ఎత్తులోనే ఉంచుతున్నాను.

మిట్టూరు మాస్టారు

సంతోషం అమ్మా. మీ ఇంట్లో 214 ఉంటే స్టెబిలైజర్ అక్కర్లేదు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ కదులుతుండగా కరెంటు పోయిన ఆ ఒక్కసారి లెక్క తప్పింది మాత్రం కరెంటు వల్లే అనుకుంటున్నాను. మబ్బు పట్టి గాలి లేచినప్పుడు డెస్క్ కదపకండి. వైండింగ్ గారు దీనికి ఒప్పుకోకపోవచ్చు.

రేణిగుంట వైండింగ్

ఆ ఒక్కదానికి ఒప్పుకుంటాను మాస్టారూ. అక్కా, కొత్త వైరు వచ్చాక గోడ వైరును విడిగా వదులుగా వేలాడదీయండి. డెస్క్ పూర్తిగా పైకి ఎత్తి, అప్పుడు కట్టండి ట్యాగులు. కింద ఉన్నప్పుడు కడితే మళ్లీ ఇదే అవుతుంది.