విమ్ ఎడిటర్‌లో ట్యాబ్ సెట్టింగ్ పట్టడం లేదు, పొద్దున్నుంచి ఇదే పని

అనంత_నెట్‌సెంటర్: పొద్దున తొమ్మిదికి కూర్చున్నా, మూడవుతోంది, ఇంకా అన్నం తినలేదు. ఉబుంటు 22.04 లినక్స్. ట్యాబ్ నొక్కితే రెండు స్పేసులు పడాలని డాట్ విమ్ఆర్‌సి అనే విమ్ సెట్టింగుల ఫైల్లో ఎక్స్‌పాండ్‌ట్యాబ్, ట్యాబ్‌స్టాప్ 2, షిఫ్ట్‌విడ్త్ 2, నంబర్ అన్నీ రాశా. సిస్టమ్ కూడా రీస్టార్ట్ చేశా. ఒక్కటీ పట్టడం లేదు, లైన్ నంబర్లు కూడా రావు. నిన్న పైథాన్ ఫైల్లో బాగానే వచ్చాయి! టవర్ క్లాక్ దగ్గర మా సెంటర్లో ప్రింటర్ ఈ మిషన్ మీదే, హాల్ టికెట్ల కోసం పిల్లలు నిలబడి ఉన్నారు. ఎవరైనా చెప్పండన్నా.

కొండారెడ్డి_బురుజు: ఏ ఫైలు? ఎలా తెరిచారు?

పెన్నా_ఒడ్డు: ఉబుంటుతో పాటు వచ్చేది విమ్ టైనీ, అసలు విమ్ కాదు తమ్ముడూ. అందులో చాలా సౌకర్యాలు తీసేసి ఉంటాయి, రంగులు కూడా రావు. ముందు అసలు విమ్ ప్యాకేజీ వేసుకో. నేను ఇదే మాట పదేళ్లుగా చెప్తున్నా, ఎవరూ వినరు.

అనంత_నెట్‌సెంటర్: అసలు విమ్మే ఉందన్నా, నిన్న పనిచేసిందని చెప్పా కదా.

కడప_తెలుగుబిడ్డ: ‘సెట్టింగ్’ ఎందుకు, ‘అమరిక’ అనే చక్కటి మాట ఉంది. ‘స్పేసు’కి ‘ఖాళీ’ అనొచ్చు. మనం వాడకపోతే ఇంకెవరు వాడతారు?

పెన్నా_ఒడ్డు: అమరిక సరే. ఖాళీ అంటే మాత్రం ఒప్పుకోను. ట్యాబ్ కూడా తెర మీద ఖాళీగానే కనపడుతుంది, ఈ అబ్బాయి బాధే అది కదా.

కడప_తెలుగుబిడ్డ: అలాగైతే ట్యాబ్‌కి వేరే మాట పుట్టించాలి గానీ స్పేసుకి ఇంగ్లీషు పట్టుకు వేలాడటం దేనికి?

కొండారెడ్డి_బురుజు: అడిగినదానికి జవాబు రాలేదు. ఏ ఫైలు?

అనంత_నెట్‌సెంటర్: నెట్‌ప్లాన్ ఫైలన్నా, ఈటీసీ ఫోల్డర్లో ఉండే నెట్‌వర్క్ సెట్టింగుల ఫైలు. మిషన్ ఐపీ అడ్రస్ మారకుండా పెట్టాలి, లేకపోతే ప్రింటర్ రోజుకోసారి కనపడకుండా పోతోంది. అడ్మిన్ హక్కు కావాలి కాబట్టి సుడో విమ్ అనే తెరిచా, వేరే దారి లేదు కదా. నెట్‌ప్లాన్ అప్లై కొడితే ఏదో టోకెన్ ఎర్రర్.

కొండారెడ్డి_బురుజు: అదే. సుడోతో తెరిస్తే విమ్ చదివేది రూట్ (అడ్మిన్ యూజర్) హోమ్ ఫోల్డర్లోని విమ్ఆర్‌సి, మీది కాదు. ఉబుంటు 19.10 నుంచి ఇంతే. సుడో విమ్ వద్దు, సుడోఎడిట్ వాడండి. అది ఫైలు నకలు తీసి మీ పేరు మీదే ఎడిటర్ తెరుస్తుంది, మీ సెట్టింగులన్నీ వస్తాయి, మూసేశాక అసలు చోట రాసేస్తుంది. విమ్‌కి బదులు నానో అనే ఎడిటర్ తెరుచుకుంటే ముందు ‘ఎక్స్‌పోర్ట్ సుడో_ఎడిటర్=విమ్’ కొట్టండి. ఇక ఆ ఎర్రర్: నెట్‌ప్లాన్ ఫైలు యామల్ పద్ధతిలో రాసేది, అందులో వరస జరపడానికి ట్యాబ్ వాడకూడదు. సెట్టింగ్ పట్టినా పాత ట్యాబులు వాటంతట అవి పోవు. విమ్‌లో సెట్ లిస్ట్ కొడితే ట్యాబ్ ఉన్నచోట టోపీ గుర్తు, పక్కన పెద్ద ఐ కనపడతాయి. రీట్యాబ్ కొట్టండి, పోతాయి. తర్వాత కూడా నేరుగా అప్లై కొట్టొద్దు, నెట్‌ప్లాన్ ట్రై కొట్టండి. 120 సెకన్లలో మీరు ఎంటర్ నొక్కకపోతే పాత నెట్‌వర్క్ తిరిగొస్తుంది.

పెన్నా_ఒడ్డు: సుడో సంగతి మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. టైనీ మాట మాత్రం గుర్తుపెట్టుకో, కొత్త మిషన్లో పనికొస్తుంది.

కడప_తెలుగుబిడ్డ: ట్యాబ్‌కి ‘ఎడం’ ఎలా ఉంటుంది?

అనంత_నెట్‌సెంటర్: నాలుగు చోట్ల ట్యాబులున్నాయి. పోయాయి, ప్రింటర్ వచ్చింది. థ్యాంక్సన్నా, పిల్లలు ఎదురుచూస్తున్నారు.

కడప_తెలుగుబిడ్డ: ‘ఎడం’ మీద ఎవరూ ఏమీ అనలేదు.