పెర్సెబయా సురబయా క్లబ్ పిల్లలను ఎట్ల తయారు చేస్తది? తెలిసినోళ్ళు చెప్పండి

డీజిల్‌కాలనీ కోచ్:
అన్నలందరికి నమస్తే. నేను కాజీపేటల సాయంత్రం డ్యూటీ దిగినంక పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్త, పైసలేం తీసుకోను. ఇరవై మంది దాకా వస్తరు, సగం మందికి షిన్ ప్యాడ్లు లేవు, చెప్పుల డబ్బా అట్ట కత్తిరిచ్చి సాక్సుల పెట్టుకుంటరు, ఆట అయ్యేసరికి చెమటకు అది మెత్తగ పిండి లెక్క అయితది. సంగతేందంటే 2024 నవంబర్ల ఇండోనేసియా సౌదీ అరేబియాను 2-0 తోని కొట్టింది కదా, ఆ రెండు గోల్సూ మార్సెలినో ఫెర్డినాన్ అనే 20 ఏండ్ల పిల్లగాడే కొట్టిండు. అక్కడి సురబయా అనే ఊరి పెర్సెబయా క్లబ్బుల పెరిగిండని తెలిసినకాడి నుంచి నాకు ఒకటే కుతూహలం, ఆ క్లబ్ చరిత్ర ఏంది, పెద్ద అకాడమీ ఉన్నదా, పైసలు ఎక్కడియి?

ఎందుకు అడుగుతున్ననంటే మా పిల్లగాని ఒకనికి సిటీల ఒక కోచింగ్ సెంటర్‌ల సీటు ఇస్తమన్నరు, ఏడాది ఫీజు చెప్పేసరికి వాళ్ళ అమ్మకు నోట మాట రాలే, ఆమెది స్టేషన్ దగ్గర టిఫిన్ బండి. "గింత కడితే మావోడు నిజంగ ఆటగాడు అయితడా సారూ" అని అడిగింది. నేనేం చెప్పలేకపోయిన.

సుబేదారి నంబర్ 10:
తమ్మీ మంచి ప్రశ్న అడిగినవు, ఆ క్లబ్ అంటే నాకు ప్రాణం, జర పెద్దగ రాస్త ఓపికగ చదువు.

1927 జూన్ 18న మొదలైంది. అప్పుడు డచ్చోళ్ళ రాజ్యం, సురబయాల డచ్చోళ్ళ ఫుట్‌బాల్ సంఘం వేరే ఉండె, అందుకే పైజో, పముజి అనేటోళ్ళు అక్కడి జనం కోసం ఇంకో సంఘం పెట్టిన్రు. మూడేండ్లకు 1930 ఏప్రిల్ 19న యోగ్యకర్తల ఏడు ఊర్ల సంఘాలు కలిసి దేశం మొత్తానికి పీఎస్ఎస్ఐ అనే ఫెడరేషన్ పెట్టుకున్నయి, స్వాతంత్ర్యం రావడానికి ఇంకా 15 ఏండ్లు ఉన్నది చూడు. ఆ ఏడింట్ల సురబయా ఒకటి.

ఇక్కడ అసలు ముచ్చట పట్టుకో. వాళ్ళు పెట్టింది ఒక టీమ్ కాదు, సంఘం. ఊర్లున్న చిన్న చిన్న క్లబ్బులన్నీ దాంట్ల మెంబర్లు, ఏడాది పొడుగునా ఒకరితో ఒకరు ఆడుకుంటరు, వాళ్ళల్ల గట్టిగ ఆడినోళ్ళను ఏరి ఊరి టీమ్‌ల పెడతరు. అరబ్ కుటుంబాలోళ్ళది అస్సయాబాబ్ అని ఒక క్లబ్, చైనీసోళ్ళది సూర్యనాగ, ఇంకా ఇండోనేసియా ముడా, ఇట్ల ఒక్కో వాడకు ఒక్కో క్లబ్. 1938 ప్రపంచకప్‌ల డచ్ ఈస్టిండీస్ (ఇండోనేసియాకు అప్పటి పేరు) పేరు మీద ఆడిన టీమ్ కెప్టెన్ అహ్మద్ నావిర్ సురబయాలోని హెచ్‌బీఎస్ క్లబ్బోడే, కండ్లద్దాలు పెట్టుకొనే ఆడేటోడు. ఫ్రాన్స్‌ల రీమ్స్‌ల హంగేరీ చేతుల 6-0 ఓడిన్రు గని, ఆసియా నుంచి ప్రపంచకప్‌కు పోయిన మొదటి టీమ్ అదే.

1994ల ఊరి సంఘాల పోటీ, ప్రొఫెషనల్ లీగ్ రెండు కలిపి ఒకటే లీగ్ చేసిన్రు. అందరు ఆటగాళ్ళను కొనుక్కునుడు మొదలుపెట్టిన్రు, పెర్సెబయా కూడ కొన్నది గని లోపలి క్లబ్బుల పోటీని వదలలే. 1997ల, 2004ల చాంపియన్ అయింది. 1997 టీమ్‌ల డిఫెండర్ బెజో సుగియాంతోరో, తర్వాత ఆయన కొడుకు రహ్మత్ ఇరియాంతో కూడ అదే పచ్చ జెర్సీ ఏసిండు. మధ్యల ఫెడరేషన్ గొడవలల్ల ఏండ్ల తరబడి గుర్తింపు పోయింది, బోనెక్ అని పిలిచే వాళ్ళ అభిమానులు రోడ్ల మీదికొచ్చి కొట్లాడిన్రు, 2017 జనవరిల మళ్ళ గుర్తింపు వచ్చింది, అదే ఏడు రెండో డివిజన్ గెలిచి పైకొచ్చిన్రు. నాకైతే ఏ కప్పు కంటే అదే గొప్ప.

కిట్టు_కాశిబుగ్గ:
నంబర్ 10 అన్నా, చరిత్ర మంచిగ చెప్పినవ్ గని ఒక్క సురబయా పద్ధతే పద్ధతి అంటే నేనొప్పుకోను. ఇండోనేసియాలనే సలతిగ అనే ఊర్ల పిల్లలు ఉండి చదువుకుంటూ ఆడుకునే ట్రైనింగ్ సెంటర్ ఉండె, ఆ దేశం టీమ్‌కు ఆడిన బంబాంగ్ పముంకాస్, కుర్నియవాన్ అక్కడోళ్ళే. కుర్నియవాన్‌ను 1990లల్ల ఇంకొంతమంది పిల్లలతోని ఇటలీకి పంపి అక్కడి జూనియర్ లీగ్‌ల ఆడిచ్చిన్రు, ఆట బాగనే నేర్చిన్రు గని 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కు పోలేకపోయిన్రు. తర్వాత ఉరుగ్వేకు కూడ ఒక బ్యాచ్‌ను పంపిన్రు. పంపుడు తప్పని అంటలేను, పంపేది పాతిక ముప్పై మందినే, ఇంటికాడ మిగిలిన వేల మంది సంగతేంది అనేదే నా బాధ.

దీనికి జవాబు ఇంద్రా స్యాఫ్రి కోచ్ చూపెట్టిండు. దీవి దీవి తిరిగి ఎవ్వరూ చూడని ఊర్లల్ల పిల్లలను ఎతికిండు. 2013 సెప్టెంబర్‌ల సురబయా పక్కనే సిదోఅర్జోల అండర్-19 ఆగ్నేయాసియా కప్ ఫైనల్‌ల వియత్నాంను పెనాల్టీలల్ల 7-6 తోని ఓడగొట్టిన్రు. మూడు వారాలకు జకార్తల వానలో సౌత్ కొరియాను 3-2 కొట్టిన్రు, మూడు గోల్సూ కెప్టెన్ ఎవాన్ దిమాస్‌యే, ఆ పిల్లగాడు సురబయా వాడ క్లబ్బులల్ల ఆడి పైకొచ్చినోడే. అంటే నువ్వు చెప్పిందీ నేను చెప్పిందీ రెండూ కలిస్తేనే పని అయితది, ఇంటికాడ మ్యాచులుండాలె, చూడనీకి వచ్చే మనిషీ ఉండాలె.

మిల్లుకాలనీ పెద్దాయన:
బిడ్డా, జకార్త అంటే మనోళ్ళకు వేరే గుర్తు. 1962 సెప్టెంబర్ 4న జకార్తలనే ఏషియన్ గేమ్స్ ఫైనల్, మనోళ్ళు సౌత్ కొరియాను 2-1 తోని ఓడగొట్టి బంగారు పతకం తెచ్చిన్రు. కోచ్ హైదరాబాద్ రహీం సాబ్, టీమ్‌ల సికింద్రాబాద్ బలరాం, యూసుఫ్ ఖాన్ మనోళ్ళే. జర్నైల్ సింగ్ తలకు కుట్లున్నా ఫార్వర్డ్‌ల ఆడి గోల్ కొట్టిండు, స్టేడియం మొత్తం మనకు ఎదురే అరిచింది. ఆజంజాహి మిల్లుల షిఫ్టు దిగొచ్చి మా నాయిన ఆ ముచ్చట ఎన్నిసార్లు చెప్పిండో లెక్కలేదు. ఇండోనేసియాను 1951 ఢిల్లీ గేమ్స్‌ల మనం 3-0 తోని కొట్టినం బిడ్డా. ఇయ్యాల వాళ్ళు ఏడున్నరు మనం ఏడున్నం చూస్తే కడుపు తరుక్కుపోతది. అప్పట్ల హైదరాబాద్ లీగ్‌ల క్లబ్బులు ఎక్కువ, మ్యాచులు ఎక్కువ, రహీం సాబ్ గ్రౌండ్ల గంటల తరబడి నిలబడి చూసేటోడు.

టిఫిన్ బండి తల్లికి ఇట్ల చెప్పు. ఫీజు కోసం అప్పు చెయ్యొద్దను. పిల్లగానికి వారానికి ఒక్క నిజమైన మ్యాచ్ దొరికేటట్టు మనం చూద్దాం.

డీజిల్‌కాలనీ కోచ్:
పెద్దనాయినా మీది చదువుతుంటే కండ్లల్ల నీళ్ళొచ్చినయ్. పొద్దున ఆమె బండికాడికే పోయి అదే మాట చెప్పిన, ఒక ఇడ్లీ ప్లేటు చేతుల పెట్టి పైసలు తీసుకోలే. నేనొకటి అనుకుంటున్న, డీజిల్‌కాలనీ, సోమిడి, కాశిబుగ్గ, సుబేదారి, నాలుగు వాడల పిల్లలతోని ఆదివారం పొద్దున ఆరింటికి లీగ్ పెడదాం, టీముకు ఏడుగురు చాలు, 13 ఏండ్ల లోపోళ్ళే. సున్నం గీతలు నేను కొడత. కిట్టు అన్నా, కాశిబుగ్గ నుంచి ఏడుగురు దొరుకుతరా?

కిట్టు_కాశిబుగ్గ:
పదకొండు మంది ఉన్నరు తమ్మీ, దాంట్ల ఇద్దరు ఆడపిల్లలు, గోల్‌కీపర్ వాళ్ళల్లనే ఒకరు. ఆటోల తీసుకొస్త. బాల్ మాత్రం మీదే, మాది వానకు ఉబ్బి కుట్లు ఊడింది.

సుబేదారి నంబర్ 10:
బాల్స్ రెండు నేను తెస్త, అట్టముక్కలు ఇంక బంద్, షిన్ ప్యాడ్ల కోసం మా బ్యాచ్ దోస్తుల దగ్గర చందా జమ చేస్తున్న. ఎంత మందికి కావాలె, ఏ సైజులో రాసి పెట్టు.