పీహెచ్‌డీ తరువాత సొంత పరిశోధనకు నిధులు ఎక్కడ దొరుకుతాయి?

ప్రశ్న: క్షయ బ్యాక్టీరియా మందులకు లొంగకుండా పోయే తీరుపై హైదరాబాద్‌లో పీహెచ్‌డీ పూర్తిచేసి ఎనిమిది నెలలైంది. గైడుగారి ప్రాజెక్టులోనే కొనసాగకుండా సొంత ఆలోచనతో దరఖాస్తు చేయాలని ఉంది. విదేశాల్లో పనిచేయనివారికి అవకాశం ఉంటుందా?

జవాబు 1: ఉంటుందండీ. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ, బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్టు కలిసి 2008లో ఆరంభించిన ఇండియా అలయన్స్ కార్యాలయం మీ ఊళ్ళోనే ఉంది. ఆ సంస్థ తొలిదశ ఫెలోషిప్ జీతంతోపాటు పరిశోధన ఖర్చులనూ భరిస్తుంది కనుక, ముందుగా మిమ్మల్ని చేర్చుకొనే సంస్థతో మాట్లాడుకోండి.

జవాబు 2: శ్రీకాకుళంలో పుట్టిన వైద్య శాస్త్రవేత్త వులిమిరి రామలింగస్వామి పేరిట ఉన్న ఫెలోషిప్ విదేశాల నుంచి తిరిగివచ్చేవారిది, దాన్ని పక్కన పెట్టండి. కేంద్రం తరఫున పరిశోధనలకు నిధులిచ్చిన సెర్బ్ స్థానంలో 2023 చట్టంతో వచ్చిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ (ఏఎన్ఆర్ఎఫ్) ఇచ్చే జాతీయ పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్ చూడండి. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ యువ పరిశోధకులకిచ్చే ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్‌కు వయోపరిమితి ఉంది, ఆలస్యం చేయకండి.

జవాబు 3: నా మొదటి దరఖాస్తు తిరస్కరణకు గురైంది. సజీవ క్షయ బ్యాక్టీరియాను పెంచడానికి బీఎస్ఎల్-3 ప్రయోగశాల, అంటే ప్రమాదకర సూక్ష్మజీవులు బయటికి పోకుండా కట్టుదిట్టమైన రక్షణ ఉన్నది, కావాలి. అది ఎక్కడ, ఎన్ని రోజులు దొరుకుతుందో నేను ఒక్క ముక్కా రాయలేదు. రెండోసారి, తొలి ఏడాది ప్రయోగాలను క్షయ బ్యాక్టీరియాకు దగ్గరి చుట్టమైన, హానిలేని స్మెగ్మాటిస్ జాతిపైన చేస్తానని, ఆ తరువాతి పనికి పొరుగు సంస్థ ఇచ్చిన అనుమతి లేఖను జతచేశానని రాసిన పేరా గురించే ఇంటర్వ్యూలో ఎక్కువసేపు అడిగారు.