అప్‌డేట్: నాయనమ్మ అంగిలి మీద తెల్లమచ్చ, బయాప్సీ రిపోర్ట్ వచ్చింది

పోయిన నెల అడిగాను. కట్టుడు పళ్ల కొలతలకి తీసుకెళ్తే డెంటిస్ట్ అంగిలి మీద తెల్లమచ్చ చూసి బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) చేయించమన్నారు, నొప్పే లేనప్పుడు అవసరమా అని. చేయించమని తిట్టినవాళ్లందరికీ థాంక్స్.

క్యాన్సర్ కాదు. కానీ కణాల్లో మార్పు మొదలైందట, వదిలేస్తే ముదిరే అవకాశం ఉందట. మాది శ్రీకాకుళం వైపు పల్లె. నాయనమ్మది అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తుంది. ఆ సెగ నేరుగా అంగిలికి తగులుతుంది. డెంటిస్ట్ నాయనమ్మ చేతికి అద్దమిచ్చి, తెల్లగా మందం కట్టిన చోటు, దాని మధ్య ఎర్రటి చుక్కలు చూపించారు. ఇన్నేళ్లు ఎవరు చెప్పినా వినని మనిషి "ఇదేటి, ఇలగుంది?" అని ఠక్కున నోరు మూసేసుకుంది.

చుట్ట మానేసి 19 రోజులు. నిన్న పెరట్లో పొగ వాసన వచ్చిందని అమ్మ అనుమానం, అది వేరే గొడవ. 3 నెలలకోసారి చూపించాలి. పనిలో పనిగా నాన్న నోరూ చూశారు. ఏ పుండైనా 2 వారాల్లో మానకపోతే నొప్పి లేకున్నా రమ్మన్నారు. కట్టుడు పళ్లు ప్రస్తుతానికి ఆగాయి.