అపార్ట్‌మెంట్‌లో ఉండేవారికి ఏకైక కారుగా విద్యుత్ కారు సరిపోతుందా, హైబ్రిడ్ మేలా?

మియాపూర్ నివాసి (చర్చ ప్రారంభం):

మా ఇంట్లో ఉన్నది ఒకటే కారు. అది పదేళ్ళు దాటిన పెట్రోలు బండి కాబట్టి మార్చక తప్పదు. ఉండేది అపార్ట్‌మెంట్‌లో. సెల్లార్‌లో మా పేరున పార్కింగు ఉంది గాని అక్కడ ప్లగ్ పాయింటు లేదు. నెలకు సుమారు వెయ్యి కిలోమీటర్లు తిరుగుతాము. పండుగలకూ శుభకార్యాలకూ విజయవాడ దాటి గుడివాడ వైపు మా ఊరికి వెళ్ళి వస్తుంటాము. అటూ ఇటూగా 17 లక్షలకు మంచి విద్యుత్ కారూ వస్తోంది, స్ట్రాంగ్ హైబ్రిడ్డూ (పెట్రోలు ఇంజిన్‌కు తోడు, ప్లగ్గుకు పెట్టకుండానే ఛార్జయ్యే బ్యాటరీ, మోటారు ఉన్న కారు) వస్తోంది. షోరూమ్ వారు చెప్పే రేంజి లెక్కలు విని విని విసుగెత్తింది. సొంతంగా కొని వాడుతున్నవారు రోజువారీ అనుభవం చెబితే మేలు చేసినవారవుతారు.

నిజాంపేట నుంచి:

నేను 45 కిలోవాట్-అవర్ల (అంటే 45 యూనిట్ల) బ్యాటరీ ఉన్న విద్యుత్ కారు వాడుతున్నాను. సొంత ఇల్లు కావడంతో గేటు లోపలే ఛార్జర్ పెట్టించుకున్నాను. ముందే చెబుతున్నాను, నా అనుభవంలో సగం కారుది, సగం ఆ గోడకున్న ఛార్జర్‌ది.

కంపెనీ కాగితం మీద ఈ బ్యాటరీకి 489 కిలోమీటర్లని ఉంటుంది. ఊళ్ళో ఏసీ వేసుకుని నడిపితే మూడు వందల ముప్పై వరకు వస్తుంది, హైవే మీద వంద వేగంతో వెళితే మూడు వందల దగ్గర ఆగుతుంది. యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు అటూ ఇటూగా అనుకోండి. ఛార్జింగ్‌లో పోయే పది, పదిహేను శాతం కూడా కలిపితే నెలకు వెయ్యి కిలోమీటర్లకు 165 యూనిట్ల దాకా మీటరులో పడతాయి. తెలంగాణలో గృహ వినియోగం 400 యూనిట్లు దాటాక యూనిట్‌కు రూ.9.50, 800 దాటాక రూ.10 కాబట్టి, వేసవిలో ఏసీలు నడిచే ఇంట్లో కారు తాగే కరెంటంతా పై స్లాబులోనే పడుతుందని అనుకోవాలి. అలా లెక్క వేసినా కిలోమీటరుకు రూపాయిన్నర, మహా అయితే రూపాయి డెబ్బై పైసలు. లీటరుకు పదిహేను కిలోమీటర్లిచ్చే పెట్రోలు కారుకు, లీటరు రూ.107 అనుకుంటే, కిలోమీటరుకు ఏడు రూపాయలు పైనే అవుతుంది. అంటే నెలకు ఐదు వేలకు పైగా మిగులు. పైగా తెలంగాణలో విద్యుత్ వాహనాలకు 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మినహాయించారు. పది లక్షలు దాటిన పెట్రోలు కారుకు 17 శాతానికి తగ్గకుండా లైఫ్ ట్యాక్సు పడుతుంది కనుక, 17 లక్షల కారు మీద దాదాపు మూడు లక్షలు కొన్న రోజే మిగిలినట్లు.

ఇక వాడకం. ఎక్సలరేటర్ మీద నుంచి కాలు తీయగానే బండి తనంతట తాను నెమ్మదించి ఆ శక్తిని బ్యాటరీకి తిరిగి పంపుతుంది. బ్రేకు ప్యాడ్లు చాలా తక్కువగా అరుగుతాయి. టైర్లు మాత్రం పెట్రోలు బండి కంటే త్వరగా అరుగుతాయి, ఎందుకంటే బరువూ ఎక్కువే, లాగే బలమూ ఎక్కువే. ఇంజిన్ ఆయిలు మార్చడమనే మాట లేదు. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీని అప్పుడప్పుడూ నూరు శాతం వరకు నింపకపోతే డ్యాష్‌బోర్డు మీద చూపే శాతం తప్పుతుంది. నన్ను నడిరోడ్డున నిలబెట్టింది మాత్రం పెద్ద బ్యాటరీ కాదు, తలుపులూ కంప్యూటరూ నడిపే చిన్న 12 వోల్టుల బ్యాటరీ. పెద్ద బ్యాటరీలో డెబ్బై శాతం ఉండగానే కారు తాళం తీయలేదు. రికవరీ వ్యాను డ్రైవరు మరో కారు నుంచి రెండు వైర్లు కలిపితే చటుక్కున లేచింది. ఆ వైర్లు అప్పటి నుంచి డిక్కీలోనే ఉన్నాయి.

సంఘం కార్యదర్శి:

మాది పెద్ద అపార్ట్‌మెంట్. ప్రతి సమావేశంలోనూ ఈ విషయం రగులుతూనే ఉంది కనుక అవతలి వైపు నుంచి కొంత చెబుతాను.

నిజాంపేట వారు చూపిన మిగులు లెక్క సొంత ప్లగ్గు ఉన్నవారిది. అపార్ట్‌మెంట్‌లో ఆ ప్లగ్గు ఎలా వస్తుందన్నదే అసలు చిక్కు. ఇంట్లో పెట్టుకునే పెద్ద ఛార్జర్ 7.2 కిలోవాట్లు లాగుతుంది, అంటే టన్నున్నర ఏసీలు నాలుగైదు ఏకధాటిగా నడిచినట్లు. ఇరవై మంది పెట్టించుకుని రాత్రి పది గంటలకు ఒక్కసారిగా ఆన్ చేస్తే 144 కిలోవాట్లు. మా ట్రాన్స్‌ఫార్మర్ వేసిన రోజున ఆ మాట ఎవరి ఊహలోనూ లేదు. 2019లో కేంద్రం నమూనా భవన నిబంధనలను సవరించి 20 శాతం పార్కింగుకు ఛార్జింగ్ ఏర్పాటు ఉండాలన్నది. అయితే అంతకు ముందు కట్టిన మా భవనంలో కేబుల్ వేసే దారి కూడా లేదు.

రెండోది భయం. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడకగదిలో ఛార్జింగ్‌కు పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకరు చనిపోయారు. ఆ తరువాత ద్విచక్ర వాహనాల బ్యాటరీ ప్రమాణాలను కేంద్రం కఠినం చేసింది. కార్ల బ్యాటరీకి వేరే ప్రమాణం, వేరే కవచం, వేరే శీతలీకరణ ఉన్నాయి. ఇదంతా నేను సమావేశంలో చెప్పాను. అయినా మొదటి అంతస్తులో ఉండే పెద్దాయన లేచి, "మా పడకగది కిందనే కదా మీ సెల్లార్" అన్నారు. ఆ మాటకు కాగితాలు చూపి జవాబు చెప్పడం సులభం కాదు.

ఓరుగల్లు:

కార్యదర్శి గారూ, మీ మాట కొంత వరకు నిజమే గాని, ఆ 144 కిలోవాట్ల లెక్క చూపి ఎన్ని సంఘాలు తలుపులు మూశాయో మీకూ తెలుసు. నెలకు వెయ్యి కిలోమీటర్లంటే రోజుకు ముప్పై మూడు. దానికి ఐదారు యూనిట్లు చాలు. మామూలు 15 ఆంపియర్ల పాయింటు మీద రెండున్నర గంటల పని. 7.2 కిలోవాట్ల పెట్టె గొప్పకు పనికొస్తుంది గాని అవసరానికి కాదు. చాలా అపార్ట్‌మెంట్లలో మీటర్లన్నీ కిందనే ప్యానెల్ గదిలో ఉంటాయి. ఎవరి మీటరు నుంచి వారు, మధ్యలో కరెంటు ఎక్కువైనా, లీకైనా సరఫరా ఆపేసే ఎంసీబీ, ఆర్‌సీసీబీ పెట్టి, మంచి ఎర్తింగుతో పార్కింగు దాకా కేబుల్ లాక్కుంటే సంఘానికి ఖర్చూ లేదు, ఎవరి యూనిట్లు ఎవరివన్న గొడవా లేదు. వాహనదారు తన ఇంట్లోనో కార్యాలయంలోనో ఉన్న విద్యుత్ కనెక్షన్‌తోనే ఛార్జింగు చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరి మార్గదర్శకాలలో స్పష్టంగా రాసింది. సంఘం అడగాల్సింది మంజూరైన లోడు సరిపోతుందా, పని చేసింది లైసెన్సున్న ఎలక్ట్రీషియనేనా అన్న రెండు ప్రశ్నలు మాత్రమే.

బెజవాడ ప్రయాణికుడు:

ఊళ్ళో తిరగడం గురించి అందరూ చెప్పారు, నేను దారి గురించి చెబుతాను. హైదరాబాదు నుంచి విజయవాడ 275 కిలోమీటర్లు. కాగితం మీద ఒక్క ఛార్జితో వెళ్ళవచ్చు. నేను మాత్రం ఎప్పుడూ సూర్యాపేట అటూ ఇటూగా ఆగుతాను, ఎందుకంటే మిగిలిన శాతాన్ని చూసుకుంటూ నడపడం కంటే టిఫిను తింటూ ఇరవై శాతం ఎక్కించుకోవడం హాయి. మామూలు రోజుల్లో ఈ పద్ధతిలో ఇబ్బందేమీ లేదు.

సంక్రాంతి ముందు రెండు రోజులు మాత్రం వేరే లోకం. పంతంగి టోల్ గేటు దగ్గర బారులు తీరిన వాహనాల గురించి ఏటా పత్రికల్లో చదువుతూనే ఉంటాం. ఆ బారులోంచి బయటపడి హోటల్ ఆవరణలోని ఛార్జర్ దగ్గరకు వెళితే, 60 కిలోవాట్ల యంత్రానికి రెండు గన్నులు (కారుకు తగిలించే ప్లగ్గులు), వాటి వెనుక నాలుగు కార్లు. రెండు గన్నులూ వాడుతుంటే ఒక్కొక్కరికి ముప్పయ్యే వస్తుంది. ముందున్నాయన 80 శాతం దాటాక కూడా తీయకుండా కూర్చుంటారు. 80 తరువాత వేగం పడిపోతుందని, ఆ చివరి ఇరవై శాతానికి పట్టే సమయంలో ఇంకొకరి బండి సగం నిండేదని ఆయనకు తెలియక కాదు, ఊరు చేరాక ప్లగ్గు దొరకదన్న భయం. పైగా ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్. ప్రతి దాంట్లోనూ ముందుగా డబ్బు వేయాలి. ఛార్జింగ్ మొదలు కాకపోతే ఆ డబ్బు వాలెట్‌లోనే చిక్కుకుంటుంది. ఒక కంపెనీ హెల్ప్‌లైనుకు ఫోన్ చేస్తే "సర్వర్ నుంచి స్టార్ట్ చేస్తాం, ఐదు నిమిషాలు ఆగండి సార్" అన్నారు. వెనుక హారన్లు మొదలయ్యాయి.

బయటి ఛార్జర్లలో యూనిట్ ధర, 18 శాతం జీఎస్‌టీతో కలిపి, సుమారు ఇరవై రూపాయల చుట్టూ ఉంటుంది, కొన్ని చోట్ల ఇరవై ఐదు. అంటే కిలోమీటరుకు మూడు నుంచి మూడున్నర రూపాయలు. పూర్తిగా బయటి ఛార్జర్ల మీదే ఆధారపడాల్సిన వాళ్ళు ఈ అంకెను ముందు పెట్టుకుని ఆలోచించాలి.

హైబ్రిడ్ వాడుకరి:

బెజవాడ వారి చివరి అంకెనే నేను అందుకుంటాను. నా స్ట్రాంగ్ హైబ్రిడ్‌కు కంపెనీ చెప్పింది లీటరుకు దాదాపు 28 కిలోమీటర్లు, నాకు ఊళ్ళో వచ్చేది ఇరవై ఒకటి, ఇరవై రెండు. కిలోమీటరుకు ఐదు రూపాయలు. బయటి ఛార్జర్ల మీద బతికే విద్యుత్ కారుకూ నాకూ తేడా కిలోమీటరుకు రూపాయిన్నర, నెలకు పదిహేను వందలు. ఆ పదిహేను వందలకు నేను సంక్రాంతినాడు ఎవరి వెనుకా నిలబడనవసరం లేని స్వేచ్ఛ కొనుక్కుంటున్నాను. ట్రాఫిక్‌లో ఇంజిన్ ఆగి మోటారుతో బండి పాకుతుంటే సగం ప్రయాణం నిశ్శబ్దంగానే సాగుతుంది. లైఫ్ ట్యాక్సు మినహాయింపు లేకపోవడం ఒక్కటే నొప్పి. అది పెద్ద నొప్పేనని ఒప్పుకుంటాను.

డల్లాస్ నుంచి:

ఈ చర్చలో ఇంకా ఎవరూ ఎత్తని మూడో రకం ఉంది, ప్లగ్-ఇన్ హైబ్రిడ్. మా ఇంట్లో అదే నడుస్తోంది: 18.1 కిలోవాట్-అవర్ల బ్యాటరీ, ఒక్క ఛార్జికి 42 మైళ్ళు, అవి అయ్యాక పెట్రోలు. గ్యారేజీలోని మామూలు 120 వోల్టుల ప్లగ్గుకే రాత్రంతా పెడతాము, ఖాళీ నుంచి నిండడానికి పన్నెండు గంటలు. పిల్లల బడి, ఆఫీసు, గుడి, అన్నీ కరెంటు మీదే జరుగుతాయి. హ్యూస్టన్ వెళ్ళినప్పుడు మాత్రమే పెట్రోలు బంకు గుర్తుకొస్తుంది. టెక్సాస్‌లో పూర్తి విద్యుత్ కార్లకు 2023 నుంచి ఏటా 200 డాలర్ల అదనపు రుసుము ఉంది, దీనికి లేదు. పాత కారుగా అమ్మడం కూడా సులభమని విన్నాను.

అయితే దీనిని నెత్తిన పెట్టుకోమని చెప్పను. ప్లగ్గుకు పెట్టని ప్లగ్-ఇన్ హైబ్రిడ్ వట్టి బరువైన పెట్రోలు కారు. ఐరోపాలో 2021లో రిజిస్టరైన కార్ల నుంచి సేకరించిన సమాచారాన్ని యూరోపియన్ కమిషన్ 2024లో ప్రకటించింది. రోడ్డు మీద ఈ కార్లు వదిలిన కార్బన్ డయాక్సైడ్, ప్రయోగశాల అంకెకు సగటున మూడున్నర రెట్లు. యంత్రంలో మోసం ఉండి కాదు. కంపెనీలు ఇచ్చిన కార్లను ఉద్యోగులు ఇంట్లో ప్లగ్గుకు పెట్టకుండా, కంపెనీ కార్డుతో పెట్రోలు పోయించుకుని తిరగడం దానికి పెద్ద కారణం.

ఓరుగల్లు:

డల్లాస్ వారు చెప్పిన రకం మియాపూర్ కుటుంబానికి నిజానికి అన్నిటికంటే బాగా అతుకుతుంది, కాని మన దగ్గర అది ఎక్కువగా విలాస కార్ల వరుసలోనే ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వచ్చిన జీఎస్‌టీలోనూ విద్యుత్ కారుకు 5 శాతమైతే, పెద్ద ఇంజిన్ ఉన్న ఏ హైబ్రిడ్‌కైనా 40 శాతమే. ప్లగ్గు ఉన్నా లేకపోయినా ఒకటే పన్ను. ఆ మధ్యస్థమైన దారిని పన్ను మూసేసిందని నా అభిప్రాయం.

మియాపూర్ నివాసి:

అందరికీ కృతజ్ఞతలు. ఓరుగల్లు వారి మాట విని నేను మా ప్యానెల్ గదికి వెళ్ళి చూశాను. మా మీటరు నుంచి మా పార్కింగుకు దారి సూటిగానే ఉంది గాని, మధ్యలో వాన నీరు నిలిచే పల్లం ఒకటి ఉంది. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మునిగిన కార్లను చూసినవాణ్ణి కనుక అది మనసులో నుంచి పోవడం లేదు. బ్యాటరీ డబ్బాకు నీటి రక్షణ ఉంటుందని చెబుతారు, సాకెట్‌కు ఉండదు కదా.

నిజాంపేట నుంచి:

సాకెట్‌ను పిల్లర్‌కు ఛాతీ ఎత్తున పెట్టించండి, కేబుల్‌ను నేల మీద కాకుండా సీలింగు వెంట తీసుకెళ్ళమనండి. మీరు అడిగిన నీళ్ళ సంగతి పెట్రోలు కారుకూ వర్తిస్తుంది. సీటు దాకా మునిగితే ఏ బండైనా బీమా సర్వేయరు చేతిలోకి పోవలసిందే. పాలసీ తీసుకునేటప్పుడు బ్యాటరీకి, ఛార్జర్‌కు వేరుగా కవరేజి ఉందో లేదో చూడండి. ఎనిమిదేళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్ల బ్యాటరీ వారంటీ నీటి నష్టానికి పనికిరాదు.

అద్దె ఇల్లు:

ఇంత చర్చలో అద్దెకు ఉండేవారి ఊసే రాలేదు. మా ఇంటి యజమాని అమెరికాలో ఉంటారు. కేబుల్ వేయడానికి ఆయన సంతకం కావాలని సంఘం అంటుంది, "ఖాళీ చేసేటప్పుడు గోడ పాడవుతుంది" అని ఆయన అంటారు. ఇవన్నీ తేలేదాకా నేను ఆఫీసు ఛార్జర్ మీదే బతుకుతున్నాను. ఇంటి నుంచి పని చేసే వారాల్లో అది కూడా లేదు.

సంఘం కార్యదర్శి:

మీ వంటి వారి కోసమే మేము వేరే దారి చూస్తున్నాము. సంఘం పేరిట ఛార్జింగ్ కేటగిరీలో ఒక ప్రత్యేక కనెక్షన్ తీసుకుని, విజిటర్స్ పార్కింగులో రెండు పాయింట్లు పెట్టి, వాడినవారి నుంచి యూనిట్ చొప్పున వసూలు చేయాలన్నది ప్రతిపాదన. ఛార్జింగ్ కేంద్రాల టారిఫ్ గృహ వినియోగపు పై స్లాబు కంటే తక్కువ కాబట్టి లెక్క కుదురుతుంది. ఓరుగల్లు వారు చెప్పినట్లు ఎవరి మీటరు నుంచి వారు లాక్కోవడాన్ని మాత్రం నేను ఇప్పటికీ ఒప్పుకోను. ఐదుగురికి బాగానే ఉంటుంది, ముప్పయ్యో కేబుల్ వచ్చేసరికి ప్యానెల్ గదిలో ఏ వైరు ఎవరిదో చెప్పగలిగే ఎలక్ట్రీషియన్ ఉండడు.